ఒంటి చక్రానికి ఇంట్లోనే రంగు

రంగుల పని గురించిన ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో గేట్లు, గ్రిల్లులు, పాత స్కూటర్లే ఎక్కువ. రెండు సంచికల కిందట ఒంటి చక్రం సైకిల్ సీటు గొట్టానికి పట్టిన తుప్పు గురించి ఒకరు అడిగితే నాలుగు ముక్కల్లో జవాబిచ్చాను. తెలుగునాట ఇన్ని ఒంటి చక్రాలు తిరుగుతున్నాయని నాకప్పుడు తెలీదు. ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి కాబట్టి ఈసారి స్థలమంతా వాటికే ఇచ్చేశాను. గేట్లవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వీడియోలు చూసి, పట్టుబట్టి సెకండ్ హ్యాండ్‌లో 20 అంగుళాల ఒంటి చక్రం సైకిల్ కొనిపించుకున్నాడు. తొక్కడం కూడా వచ్చేసింది. ఇనప ఫ్రేము, నల్ల రంగు. అక్కడక్కడా రంగు లేచి తుప్పు కనిపిస్తోంది. వాడికి ఫ్లోరసెంట్ పచ్చ కావాలట. షాపులో అడిగితే ఒక స్ప్రే డబ్బా చేతిలో పెట్టి "కొట్టేయండి మేడమ్, పది నిమిషాల్లో ఆరిపోతుంది" అన్నారు. మా అపార్ట్‌మెంట్ డాబా మీద ఇద్దరం కలిసి వేసుకుందామని. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక గృహిణి, గుంటూరు

ఆ డబ్బాని ప్రస్తుతానికి అలమరలో పెట్టేయండమ్మా. పది నిమిషాల్లో ఆరేది పైన పలచటి చర్మం మాత్రమే. మీకు డబ్బాతో పని పడేది ఆఖర్న.

మామూలు సైకిల్‌కి స్టాండు వేస్తాం. దీనికి స్టాండూ లేదు, హ్యాండిలూ లేదు. నేర్చుకునేవాడు దిగిన ప్రతిసారీ అది కింద పడుతుంది. సీటు ముక్కు తగులుతుంది, లేదంటే వెనక భాగం, దాంతోపాటు పెడల్ అంచు. తొక్కుతున్నంతసేపూ మోకాళ్ళు ఫోర్కు (చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫ్రేము) భుజాలకి, బూట్లు క్రాంకులకి (పెడల్స్ బిగించే కడ్డీలకి) రాసుకుంటూనే ఉంటాయి. లారీ బాడీకి కూడా ఇంత రాపిడి ఉండదు. అందుకని ఎక్కడ వేయకూడదో ముందు తేల్చుకోవాలి. నన్నడిగితే ఫ్రేముకి మాత్రమే రంగు వేయండి. సీటుకున్న ప్లాస్టిక్ బంపర్లు, పెడల్స్, క్రాంకులు వదిలేయండి. వాటి మీద ఎంత ఖరీదైన రంగు వేసినా మొదటి వారంలోనే గీసుకుపోతుంది.

ఇక విప్పడం. పెడల్స్‌కి సాధారణంగా 15 నంబరు పానా పడుతుంది. కుడి పెడల్ మామూలుగానే విప్పుకోవచ్చు. ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి ఉంటాయి, సవ్యదిశలో తిప్పితేనే వస్తుంది. ఇది తెలీక బలం కొద్దీ అటే బిగించి మరలు పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. క్రాంకుల మీద గానీ పెడల్ ఇరుసు చివర గానీ ఎల్, ఆర్ అక్షరాలు చెక్కి ఉంటాయి, చూసుకోండి. ఫ్రేముకి ముందు వైపు ఏదో తెలిసేలా సీటు గొట్టం మీద చిన్న టేపు ముక్క అంటించి, అక్కణ్ణుంచి ఒక ఫోటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు చక్రం అటుదిటు పడిందంటే ఎడమ క్రాంకు కుడికి వస్తుంది, తొక్కుతుంటే పెడల్స్ వాటంతటవే వదులై ఊడిపోతాయి. క్రాంకులు వదిలేయమన్నది అందుకు కూడా. మందంగా కొట్టిన రంగు ఆ అక్షరాలని పూడ్చేస్తుంది.

చక్రం తీయడానికి క్రాంకులు ఊడదీయక్కర్లేదు. ఫోర్కు రెండు కాళ్ళ చివరా బేరింగుని పట్టుకునే మూతలుంటాయి. వాటి బోల్టులు విప్పితే చక్రం, క్రాంకులు, బేరింగులు అన్నీ కలిసి కిందికి వచ్చేస్తాయి. చిన్న బోల్టులు ఒక డబ్బాలో వేసి మీ దగ్గరే ఉంచుకోండి, అబ్బాయికి ఇవ్వకండి. సీటు, సీటు గొట్టం, దాన్ని బిగించే క్లాంపు కూడా తీసేస్తే ఇక చేతిలో మిగిలేది ఒక ఇనప ఫోర్కు. పని అంతా దాని మీదే.

పాత నల్ల రంగంతా గీకి పారేయాలా అంటే అక్కర్లేదు. గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగుకన్నా మంచి పునాది లేదు. తుప్పున్న చోట 180 నంబరు ఎమరీతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దండి. రంగు లేచిన చోట అంచు మెట్టులా ఉంటుంది. దాన్ని 320తో వాలుగా అరగదీయాలి. కళ్ళు మూసుకుని వేలు పోనిస్తే మెట్టు తగలకూడదు. కంటికన్నా వేలికే ఇది బాగా తెలుస్తుంది. మిగతా ఫ్రేమంతా 400 వాటర్ పేపర్‌తో, నీళ్ళు పోస్తూ, మెరుపు పోయి మసకబారేదాకా రుద్దితే చాలు. ఎక్కడ మెరుపు మిగిలిందో అక్కడ రేపు రంగు ఊడుతుంది.

తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఎండలో ఆరబెట్టండి. తెల్ల గుడ్డ మీద కొంచెం థిన్నర్ వేసి, చేతికి గ్లవ్స్ తొడుక్కుని తుడవండి. గుడ్డకి మురికి అంటనంత వరకూ గుడ్డ మారుస్తూ తుడవాలి. పాత రంగు జిడ్డుగా కరిగి గుడ్డకి అంటుకుంటోందంటే మీ కింద ఉన్న రంగు మెత్తటి రకం. కొత్త స్ప్రే దాన్ని ముడతలు పడేలా లేపుతుంది. అప్పుడు మాత్రం మొత్తం గీకేయక తప్పదు. తుడిచాక ఫ్రేముని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. మన ఇళ్ళల్లో పిల్లల చేతులకి తలనూనె తప్పకుండా ఉంటుంది. ఆ నూనె అంటిన చోట రంగు నిలవదు, గుండ్రంగా తప్పుకుని చిన్న చిన్న గుంటలు పడతాయి. చేపకళ్ళు అంటాం మేం. కిరసనాయిలుతో తుడిస్తే జిడ్డు పొర మిగిలిపోతుంది. పెట్రోలు జోలికి వెళ్ళకండి, అది నిప్పుతో చెలగాటం.

రంగు పడకూడని చోట్లు మూడు: బేరింగులు కూర్చునే గుంటలు, సీటు గొట్టం దిగే రంధ్రం లోపలి భాగం, క్లాంపు పట్టే చోటు. బేరింగు గుంటలో రంగు పేరుకుంటే మూత బిగించినప్పుడు బేరింగు నలిగి చక్రం బిగుసుకుపోతుంది. రంధ్రంలో రంగు పడితే గొట్టం దిగదు. క్లాంపు కింద మందంగా ఉంటే ఆ రంగు నలిగి సీటు పక్కకి తిరుగుతూ ఉంటుంది. బేరింగు గుంటలకీ క్లాంపు పట్టే చోటికీ మాస్కింగ్ టేప్ వేసి అంచు వెంబడి గోటితో నొక్కండి. రంధ్రంలో కాగితం ఉండ కుక్కండి.

ఇప్పుడు సామాను. అడుగున వేసే గ్రే ప్రైమర్ ఒకటి, తెలుపు ఒకటి, పచ్చ ఒకటి, అన్నిటికన్నా పైన వేసే రంగులేని క్లియర్ ఒకటి. 400 మిల్లీలీటర్ల డబ్బాలు ఒక్కొక్కటి చాలు, మిగులుతాయి కూడా. ఫోర్కు కాళ్ళు సన్నం కాబట్టి కొట్టిన దాంట్లో సగం గాల్లోకే పోతుంది, ఆ లెక్క కూడా కలిపే చెబుతున్నాను. తెలుపెందుకంటారా? ఫ్లోరసెంట్ రంగులు పలచన, కిందున్నది కనిపిస్తుంది. గ్రే మీద కొడితే పాచి పట్టినట్టు ఉంటుంది, తెలుపు మీదైతేనే వెలుగుతుంది. అయితే ఇవి ఎండకి త్వరగా వెలిసిపోతాయి. గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? పైన క్లియర్ కొడితే కొంత ఆగుతుంది గానీ వెలవడం మాత్రం ఖాయం. మామూలు చిలకపచ్చకి ఒప్పుకుంటాడేమో ఒకసారి అడిగి చూడండి.

డాబా మీద బట్టల తీగకి కట్టుతీగతో ఫ్రేముని వేలాడదీయండి. కింద నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. చుట్టుపక్కల ఎవరి వడియాలైనా, అప్పడాలైనా ఆరుతున్నాయేమో చూసుకోండి. స్ప్రే తుంపర మీరనుకున్నదానికన్నా చాలా దూరం పోతుంది, పచ్చ వడియాలు ఎవరూ తినరు. కింద పార్కింగులో ఉన్న కార్ల మీద కూడా పడుతుంది.

డబ్బా లోపల గోళీ కదిలిన చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. ముందు ఎవరూ చూడని చోట్లు కొట్టండి: కాళ్ళ లోపలి వైపు, భుజాల అడుగు. బయటి వైపు తర్వాత. ఫ్రేము అంచు దాటిన చోట మీట నొక్కాలి, రంగు ఫ్రేము మీదుగా సాగాలి, అవతలి అంచు దాటాక వదలాలి. ఫ్రేము మీదే నొక్కి, ఫ్రేము మీదే వదిలితే ఆ రెండు చోట్లా మచ్చలు తేలతాయి.

మొదటి పొర చూస్తే మీకు ఏడుపొస్తుంది. కింది రంగు ఇంకా కనిపిస్తూ చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అలాగే ఉండాలి. పది నిమిషాలాగి రెండోది, ఇంకో పది నిమిషాలకి మూడోది. మూడో దానికి నిండుతుంది. మొదటి పొరలోనే నింపేద్దామనుకుంటే భుజం వంపు దగ్గర రంగు జారుతుంది. ఆ వంపు అడుగు అంచుని వెలుతురు పడేలా పక్కనుంచి చూస్తూ ఉండండి. తడి మెరుపు కాస్త లావుగా, గీతలా పోగవుతోందంటే ఇంకో క్షణంలో ధార కడుతుంది, డబ్బా అక్కడ్నుంచి తప్పించాలి. జారితే వేలు పెట్టకండి. మర్నాటికి గట్టిపడ్డాక, పాత హవాయి చెప్పులోంచి కోసిన ముక్కకి 600 వాటర్ పేపర్ చుట్టి, ఆ ధార ఒక్కదాన్నే అరగదీసి మళ్ళీ పలచగా కొట్టండి.

ప్రైమర్ ఆరాక 600తో తేలిగ్గా ఒకసారి రుద్ది దుమ్ము తుడిస్తే తెలుపు నున్నగా వస్తుంది. పొరకీ పొరకీ మధ్య వ్యవధి డబ్బా మీద రాసి ఉంటుంది. "గంటలోపు, లేకపోతే 24 గంటల తర్వాత" అనే తరహాలో ఉంటే దాన్ని అక్షరాలా పాటించండి. మధ్యలో కొడితే సగం ఆరిన పొర ఉబ్బి ముడతలు పడుతుంది. మధ్యాహ్నం భోంచేసి వచ్చి ఇంకో చెయ్యి వేద్దామనుకున్నవాళ్ళకే ఇది ఎక్కువగా జరుగుతుంది.

ఇక అసలు కష్టం. ఒక వారం ఆగాలి. మర్నాటికి చేతికి అంటదు, అబ్బాయి బిగించేద్దామంటాడు. కాలి లోపలి వైపు బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, గుర్తు పడుతోందంటే ఇంకా మెత్తగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తోందన్నా అంతే. గట్టిపడకముందే బిగిస్తే క్లాంపు అంచున రంగు పిండిలా నలుగుతుంది. వాణ్ణి ఆపడం నా చేతిలో లేదు, పానా మీరు దాచేయండి.

బేరింగు మూతల బోల్టులు బిగించేటప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండు వైపులా సమంగా బిగించండి. చక్రం అటూ ఇటూ ఆడకూడదు, అలాగని తిప్పి వదిలిన వెంటనే ఆగిపోనూ కూడదు. ఆగిపోతోందంటే ఎక్కువ బిగించారు.

ప్రశ్న: బాబాయ్ గారూ, నా యూనిసైకిల్ ఫ్రేము తళతళా మెరిసే క్రోమ్. ఎర్ర స్ప్రే కొట్టాను, చూడ్డానికి అదిరిపోయింది. నెల తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా, అరచెయ్యంత ముక్కలు ఊడొచ్చేశాయి. కింద క్రోమ్ కొత్తదానిలా మెరుస్తోంది. రంగు నాసిరకమా? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

రంగుని తిట్టకు నాయనా. క్రోమ్ మీద ఏ రంగైనా అంతే. పట్టుకోవడానికి గరుకు కావాలి, క్రోమ్‌కి ఆ గరుకు లేదు. దాన్ని మెరవడానికే చేశారు.

నాకు తోచిన మొదటి మార్గం: ఆ మిగిలిన ఎరుపు కూడా ఒలిచేసి, పాలిష్ పెట్టి, క్రోమ్‌ని క్రోమ్‌లాగే ఉంచుకో. రంగుకన్నా అది గట్టి పూత. రంగు కావాల్సిందే అంటే ఒక గీత రెండు గీతలు రంగు టేపు వేసుకో.

అలా కాదంటే 320 వాటర్ పేపర్‌తో, నీళ్ళు పోస్తూనే, ఎక్కడా చిన్న మెరుపు మిగలకుండా రుద్ది, ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే రకం) కొట్టి, దాని మీద మామూలుగా సాగిపో. క్రోమ్ పెచ్చు లేచిన చోటు ఏదైనా ఉంటే దాని అంచు కూడా అరగదీయాలి, లేకపోతే క్రోమే రంగుని వెంటబెట్టుకుని లేస్తుంది. గ్రైండర్ పెట్టి క్రోమ్ లేపొద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మూడో మార్గం పౌడర్ కోటింగ్. హైదరాబాద్ బాలానగర్‌లోనూ మా బెజవాడ ఆటోనగర్‌లోనూ చేస్తారు. ఇసక కొట్టి పాత పూత లేపి, పొడి రంగు చల్లి, 180, 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు. స్ప్రే డబ్బా రంగు దాని దరిదాపుల్లోకి రాదు. కాకపోతే ఒట్టి ఫ్రేమే ఇవ్వాలి, రబ్బరు, ప్లాస్టిక్, బేరింగు ఒక్కటి కూడా దాంతో వెళ్ళకూడదు. బేరింగు గుంటల్లో పొడి పడకుండా మూయమని చెప్పు, చెప్పకపోతే మూయరు. ఒక్క పీసుకి ఓవెన్ వెలిగించరు కాబట్టి వేరే సరుకు కాల్చే రోజు దాకా ఆగమంటారు. ఆగు.

ప్రశ్న: ఆగస్టులో నల్ల రంగు కొట్టాను. ఆరేసరికి పైన పాలు ఒలికినట్టు తెల్లటి పొర వచ్చింది. తుడిస్తే పోవడం లేదు. – ప్రభుత్వోద్యోగి, విశాఖపట్నం

సముద్రపు గాలి, ముసురు రెండూ కలిస్తే ఇంతే. స్ప్రేలోని ద్రవం ఆవిరయ్యేటప్పుడు ఇనుముని చల్లబరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు ఆ చల్లదనానికి గాల్లో తేమ వచ్చి రంగు మీద కూర్చుంటుంది, రంగు దాన్ని లోపలే పట్టుకుని ఆరిపోతుంది. ఎండ కాసిన రోజు చూసి, ఫ్రేముని కాసేపు వెచ్చబెట్టి, పైన అదే రంగు చాలా పలచగా ఒక చెయ్యి కొట్టండి. పైపొర మళ్ళీ మెత్తబడి తేమ బయటికి పోతుంది, చాలాసార్లు అంతటితో తెలుపు విరిగిపోతుంది. పోకపోతే 800తో రుద్ది మళ్ళీ వేయడమే. గాల్లో తేమ 85 శాతం దాటిన రోజు డబ్బా ముట్టుకోవద్దు, ఫోన్‌లో చూస్తే తెలిసిపోతుంది. మీకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు వరకూ మంచి వేళ.

రామగుండం నుంచి ఇంకొకరు దీనికి సరిగ్గా ఎదురు సమస్య రాశారు. మే నెల మిట్టమధ్యాహ్నం కొడితే రంగు గరగరలాడుతూ పొడిలా కూర్చుందట. ఆ ఎండకి తుంపర దారిలోనే ఆరిపోయి, ఇనుము చేరేసరికి రంగు కాస్తా దుమ్మైంది. మేలో అయితే పొద్దున ఏడు, ఎనిమిది గంటల వేళే పని. డబ్బాని ఎండలో పెట్టకండి, అద్దాలెత్తిన కారులో అసలు వద్దు. 50 డిగ్రీలు దాటకూడదని దాని మీదే ఉంటుంది.

ప్రశ్న: పాత సైకిల్ ఫోర్కూ చక్రమూ తీసుకుని, మా వీధి వెల్డర్ దగ్గర నేనే ఒంటి చక్రం తయారు చేయించాను. వెల్డింగ్ అతుకులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఒకచోట సన్నటి గీత కూడా ఉంది. పుట్టీ పెట్టి నున్నగా చేసి రంగేస్తే కంపెనీదానిలా ఉంటుందా? – ఐటీఐ విద్యార్థి, తెనాలి

ఉంటుంది. ఆ గీత వెడల్పై, ఫోర్కు విడిపోయి, నువ్వు నడిరోడ్డు మీద పడేంత వరకూ.

పుట్టీ అనేది సొట్ట పూడ్చడానికి. ఇనుముని ఇనుముతో కలిపే శక్తి దానికి లేదు. ఆ గీత పగులైతే అది ప్రతి తొక్కుకీ కొంచెం కొంచెం నడుస్తుంది, పైన పుట్టీ ఉంటే నీకు కనిపించకుండా నడుస్తుంది. ముందు వెల్డర్ దగ్గరికి తిరిగి వెళ్ళు. ఆ అతుకు గ్రైండ్ చేయించి, లోపలిదాకా కొత్తగా వేయించు. అతను "ఏం కాదులే" అంటే వేరే వెల్డర్‌ని చూసుకో.

అతుకు గట్టిదని తేలాక, రంగు లేకుండానే కొన్నాళ్ళు తొక్కు. తుప్పు పడుతుందని భయమైతే ఒట్టి ప్రైమర్ కొట్టుకో. ఏ మార్పులైనా చేయాల్సి వస్తే అప్పుడే బయటపడతాయి, రంగేసిన ఫ్రేము మీద మళ్ళీ వెల్డింగ్ పెడితే చుట్టూ కాలి నాశనమౌతుంది. పాత సైకిల్ క్రాంకులైతే వాటిని ఇరుసుకి బిగించే కాటర్ పిన్‌లు కూడా చూసుకో. ఒంటి చక్రంలో ముందుకి తొక్కే బలమూ వెనక్కి ఆపే బలమూ రెండూ ఆ పిన్ మీదే పడతాయి, మామూలు సైకిల్‌కన్నా త్వరగా వదులౌతుంది. పిన్ మీద రంగు పడనివ్వకు.

రంగేసే రోజు వచ్చాక, వెల్డింగ్ చుట్టూ ఉండే స్లాగు పెచ్చులన్నీ సుత్తితో తట్టి, వైర్ బ్రష్‌తో తోమెయ్యి. దాని మీద వేసిన రంగు దాంతో సహా రాలుతుంది. ఎగుడుదిగుడు అలాగే కనపడనీ. చేత్తో చేసిన వస్తువు మీద అతుకు కనపడితే తప్పేంటి? రంగు కూడా లేతది ఎంచుకో. తెలుపో, లేత పసుపో అయితే రేపు మళ్ళీ పగులు మొదలైనా సన్నటి గోధుమరంగు తుప్పు గీత పైకి తేలి వెంటనే తెలుస్తుంది. నలుపు వేస్తే నీకేమీ తెలీదు.

ప్రశ్న: డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, డాబా మీదకి తాళం. బాల్కనీలో కొట్టుకోవచ్చా? మాస్కు ఉంది. మా ఆవిడకి ఐదో నెల. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

వద్దు బాబూ. బాల్కనీలో కొట్టిన వాసన ఇంట్లోకే వస్తుంది, తలుపులు వేసినా వస్తుంది. ఆవిడకి ఐదో నెల అన్నాక ఇక దీనికి రెండో మాట లేదు. మీ దగ్గరున్నది ఎన్-95 అనుకుంటాను. అది తుంపరని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆవిరికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. అది పెట్టుకున్నా మీరొక్కరే క్షేమం, గదిలో ఉన్నవాళ్ళు కాదు.

పైగా ఆ డబ్బాలో రంగుని బయటికి తోసేది చాలావరకూ గ్యాస్ సిలిండర్‌లో ఉండే రకం గ్యాసే. బాల్కనీలో దీపం, ఇన్వర్టర్, గోడకి అవతల పొయ్యి, ఏది చాలదు అంటుకోవడానికి? అసోసియేషన్ వాళ్ళని అడిగి డాబా తాళం తీయించుకోండి, లేదా ఊరెళ్ళినప్పుడు ఆరుబయట కొట్టుకోండి.

టూ-కె క్లియర్ అని ఒక రకం డబ్బా వస్తోంది, అడుగున గుండీ నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది. గట్టితనంలో దానికి సాటి లేదు, పెట్రోలు పడినా చెక్కుచెదరదు. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆస్తమా తెప్పించే సరుకది, ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి పట్టేస్తుంది. షెడ్డులో సరైన గాలి ఏర్పాటుతో చేసే పని. ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను చెప్పను, ఎవరైనా చెప్పినా వినకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. బయట మంచు, గరాజ్‌లో చలి. అక్కడే కొట్టొచ్చా? డబ్బా చల్లగా ఉంటే వేడి చేయొచ్చా?

మీ ఊరి చలి నాకు తెలీదు గానీ చల్లటి రంగు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసు. డబ్బాలో ఒత్తిడి తగ్గి, తుంపర బదులు చినుకులు పడతాయి, ఆరదు, జారుతుంది. డబ్బా మీద కనీసం ఎన్ని డిగ్రీలుండాలో రాసి ఉంటుంది, 10కి తక్కువైతే వేయొద్దనే ఎక్కువగా ఉంటుంది. డబ్బా వేడి చేయాలంటే చేయి పెట్టగలిగే గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నిలబెట్టడమే. పొయ్యి, హీటరు, మైక్రోవేవ్ పేరెత్తొద్దు. గరాజ్‌లో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటరు గానీ ఫర్నేసు గానీ ఉంటే అందులో మంట ఉంటుంది, అక్కడ స్ప్రే కొట్టడమంటే ఇల్లు పందెం పెట్టడమే. వసంతం దాకా ఆగి బయట కొట్టుకోండి. ఈలోపు రుద్దే పని అంతా చేసుకోవచ్చు, దానికి చలి అడ్డం రాదు.

ప్రశ్న: మిగిలిన రంగుతో పాప హెల్మెట్‌కి కూడా మ్యాచింగ్ వేయొచ్చా? – నెల్లూరు

వేయకూడదు. స్ప్రేలోని ద్రవాలు హెల్మెట్ ప్లాస్టిక్‌నీ లోపలి థర్మోకోల్‌నీ తినేస్తాయి. బయటికి ఏమీ కనపడదు, పడ్డ రోజు పగులుతుంది. మ్యాచింగ్ కావాలంటే ఆ రంగు హెల్మెట్టే కొనండి.

ప్రశ్న: సర్కస్ వాళ్ళ ఒంటి చక్రాలు రోజూ ఆటకి వాడినా మెరుస్తూనే ఉంటాయి. వాళ్ళు ఏ రంగు వాడతారు? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయనగరం

కోడి రామ్మూర్తి నాయుడి గారి సర్కస్ పుట్టిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది మాస్టారూ. బెజవాడలో సర్కస్ డేరా పడినప్పుడు వాళ్ళ వ్యాన్లకి రంగు మరమ్మతులకని మా షెడ్డుకి వచ్చేవారు. ఆ చనువుతో డేరా వెనక్కి వెళ్ళి సామాను చూశాను. మీరు చూసిన మెరుపులో రంగు చాలా తక్కువ. ఫ్రేము క్రోమ్. సీటు గొట్టానికీ భుజాలకీ రంగు రంగుల మెరుపు టేపు మెలి తిప్పి చుట్టారు. మోకాలు రాసుకునే చోట టేపు నలిగితే ఆటకి ముందు ఆ ముక్క పీకి కొత్తది చుట్టుకోవడమే. నిజమైన రంగు వేసింది రిమ్ముకి, అదీ పక్కల మాత్రమే. తిరిగేటప్పుడు జనానికి కనపడేది అదే కదా, దాన్ని ఎవరి కాలూ తాకదు.

మొదటి ఉత్తరం రాసిన గుంటూరు అమ్మగారు కూడా ఇది గమనించాలి. భుజాల మీద, మోకాలు తగిలే మేరకి, పారదర్శకంగా ఉండే మందపాటి టేపు, బైకు ట్యాంకులకి అంటిస్తారే అది, రంగు పూర్తిగా గట్టిపడ్డాక అంటిస్తే పచ్చ రంగు చాలాకాలం నిలుస్తుంది. రిమ్ముకి కూడా రంగు వేద్దామనుకునేవాళ్ళు టైరు, ట్యూబు తీసేసి వేయండి. స్పోకు చివర్లలో ఉండే నిపుల్స్‌కి టేపు చుట్టండి, మరల్లోకి రంగు దిగితే తర్వాత చక్రం వంకర తీయడానికి అవి తిరగవు. రిమ్ముని పట్టుకునే బ్రేకు ఉన్న రకమైతే ఆ పక్కలకి రంగు వేయకూడదు. టైరు గోడలకి రంగేయొచ్చా అని ఇంకొకరు అడిగారు. రబ్బరు సాగుతుంది, రంగు సాగదు. రెండు రోజుల ముచ్చట.

ప్రశ్న: ఖాళీ అయిన స్ప్రే డబ్బాలు ఏం చేయాలి? మా వీధి పిల్లలు వాటిని భోగి మంటలో వేస్తే పేలతాయని దాచిపెట్టుకుంటున్నారు. – ఏలూరు

ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకూడదని ఆఫీసు వాళ్ళతో ముందే మీకు ఫోన్ చేయించాను. మిగతావాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను. రంగు అయిపోయిన డబ్బాలో గ్యాస్ మిగిలే ఉంటుంది. మంటలో పడితే ఒత్తిడి పెరిగి బద్దలౌతుంది, రేకు ముక్కలు చుట్టూ నిలబడ్డవాళ్ళ మొహాల మీదకి లేస్తాయి. మేకు కొట్టి గాలి తీయడం కూడా అంతే ప్రమాదం, నిప్పురవ్వ చాలు.

ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, డబ్బా తలకిందులు చేసి సుయ్‌మనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా మీట నొక్కి పట్టుకోండి. పని మధ్యలో కూడా ప్రతిసారీ ఇలా రెండు క్షణాలు తలకిందులుగా కొడితే మూతి మూసుకుపోదు, మిగిలిన రంగు తర్వాత వాడుకోవచ్చు. చప్పుడు ఆగిన డబ్బాని మామూలు చెత్తలో కలపకుండా ప్రమాదకరమైన చెత్తగా విడిగా ఇవ్వండి, పాత ఇనుమువాడికి ఇస్తే అది స్ప్రే డబ్బా అని చెప్పి మరీ ఇవ్వండి. పిల్లలు దాచినవన్నీ వెనక్కి తీసుకుని లెక్క చూసుకోండి. బదులుగా నాలుగు తాటాకులూ, ఒక పిడకల దండా ఎక్కువ ఇవ్వండి.